శాంతి బహుమతికి ముదిగుబ్బలో విచారణ

ఆ మెయిల్ వచ్చిన రోజు నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ మంచి చిరాకులో ఉన్నాను. జీవించే హక్కు గురించి రాయమంటే ఒక పిల్ల, బతకడం అందరికీ ఇష్టం కాబట్టి అది హక్కు అయిందని రాసింది. సున్నా వెయ్యాలా, నిండుగా మార్కులు వెయ్యాలా తేలక, పేపరు పక్కన పెట్టి ఫోను తీశాను. న్యాయశాస్త్రం, చరిత్ర, రాజనీతి బోధించే ప్రొఫెసర్లకు ఆ అంతర్జాతీయ శాంతి బహుమతికి పేర్లు ప్రతిపాదించే అర్హత ఉందని, జనవరి ఆఖరులోగా పంపవచ్చని మా యూనివర్సిటీ ఆఫీసు వాళ్ళు గుర్తు చేశారు.

నాకు నవ్వొచ్చింది. మా వీధిలో దీపం వేయించమని పెట్టిన అర్జీకే దిక్కు లేదు, నా సంతకంతో ప్రపంచానికి శాంతిదూతను ఎంచుతారట! అనంతపురంలో అంతర్జాతీయ న్యాయం పాఠం చెప్పడమంటేనే సగం తమాషా. కిటికీలోంచి చూస్తే ఎర్రమట్టి, ముళ్ళకంప, దుమ్ము. బోర్డు మీద సముద్ర సరిహద్దుల చట్టం.

అయినా ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి తీర్పులో, ఒప్పందాలో వల్లె వేయిస్తున్నాను. ఒక్కసారైనా ఫలానా వాడు మంచివాడని నా అంతట నేను చెప్పే అవకాశం వచ్చింది. నోటుబుక్కు తీసి పేర్లు రాయడం మొదలుపెట్టాను. అక్కడే మొదలైంది అయోమయం.

మొదటాయన ఒక పెద్ద దేశానికి అధినేతగా చేసినవాడు. భయంకరమైన యుద్ధాన్ని ఆపాడు. అంతకుముందు ఇంకొక యుద్ధం మొదలుపెట్టిందీ ఆయనే. రెండో పేరు ఒక న్యాయమూర్తిది. ఆవిడ తీర్పులు చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చేవి. ఆ తీర్పుల్ని ఒక్క ప్రభుత్వమూ లెక్కపెట్టలేదు. తుపాకులు ఆపిన వాడి చేతులు శుభ్రంగా లేవు, శుభ్రంగా ఉన్న చేతులు ఏదీ ఆపలేదు. ఎవరిని పంపాలి? వారమంతా తల పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన మీద రెండుసార్లు ఊరికే కసిరాను.

ఆదివారం మా ఊరికి పోయాను. ముదిగుబ్బలో బస్సు దిగి ఆటో ఎక్కితే పది నిమిషాలు. మా తమ్ముడు గొర్రెలు పెంచుతాడు, అమ్మ వాడి దగ్గర ఉంటుంది. ఉంటుందంటే ఏదో మూల పడి ఉండడం కాదు. గొర్రెల బేరం దగ్గర నుంచి మనవరాలి జడ దాకా ఆమె మాటే చెల్లాలి. నేను పోయేసరికి నడవలో గోనెపట్ట పరుచుకుని నూనె ఆడించడానికి శనక్కాయలు ఒలుస్తోంది. పక్కన మా పొరుగింటామె కూడా కూర్చుని ఒలుస్తోంది.

పొరుగింటామె నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. గల్ఫ్‌లో ఒక చిన్న దేశానికి ఇంటిపనికి పోయి, ఆరేళ్ళుండి, కిందటేడు తిరిగొచ్చింది. ముదిగుబ్బ బస్టాండు పక్కన బండి మీద ఉగ్గాని, బజ్జీ అమ్ముతుంది. మధ్యాహ్నానికి బండి సర్దేసి మా అమ్మ దగ్గరికి చేరుతుంది. వాళ్ళ అమ్మ, మా అమ్మ జతగత్తెలు. ఆమె పోయాక ఈ పిల్ల మా అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతోంది.

"ఏమ్మే, మొగం అట్ల మాడ్చుకోని వచ్చినావు? అల్లునితో కొట్లాడినావా?" అంది అమ్మ.

"లేదు. శాంతి బహుమతికి ఒక మనిషిని చూడాలి. ఎవరో తేలడం లేదు."

"మనిషిని జూసేదానికి ఇంత ఏడుపా? విచారిస్తే సరిపాయ. యా ఊరాయన? వాళ్ళింట్లో బోకులు తోమేది ఎవరో కనుక్కున్నావా?"

పకపకా నవ్వాను. మా అమ్మ పద్ధతి అది. ఎవరింటికైనా పిల్లనివ్వాలంటే చెప్పాపెట్టకుండా ఆ ఊరికి పోతుంది. పెద్దమనుషుల్ని అడగదు, వాళ్ళు మొహమాటానికి మంచి చెప్తారట. పక్కింటివాళ్ళని అడగదు, వాళ్ళు కడుపుమంటతో చెడు చెప్తారట. తిన్నగా ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషి దగ్గరికి పోయి, దాహమని నీళ్ళడిగి, కూర్చుంటుంది. నా పెళ్ళికి అలాగే గుమ్మఘట్ట దగ్గర మా అత్తగారి ఊరికి పోయింది. అక్కడి పనామె సగం కన్నడం, సగం తెలుగులో, "అబ్బాయికి కోపం జాస్తినమ్మా, కానీ తిన్న తట్ట తనే కడుక్కుంటాడు" అందట. కోపం విషయంలో నేనూ తక్కువ తినలేదు కాబట్టి ఆ సగం కొట్టేసి, మిగతా సగం చూసి మా అమ్మ తాంబూలాలు పుచ్చుకుంది.

"అమ్మా, ఇది పెళ్ళి కాదే. వాళ్ళు దేశాలేలిన వాళ్ళు. వాళ్ళింట్లో గిన్నెలు తోమేవాళ్ళని నేనెక్కడ వెతకను?" అన్నాను.

పొరుగింటామె ఒలవడం ఆపింది. నా వైపు చూసి, మెల్లగా, "అక్కా, నేను తోమిన ఇంటాయన్ను రాస్తావా?" అంది.

ఆమె చెప్పిన మనిషి పేరు నాకు వార్తల్లో తెలిసినదే. మొదట జడ్జి, తర్వాత మంత్రి. ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న రెండు దేశాల వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, కాల్పులు ఆపించాడు. అది జరిగి రెండేళ్ళు కావస్తోంది, ఇంకా నిలిచే ఉంది. ఆ ఒప్పందం గురించి నేను క్లాసులో గంటసేపు చెప్పాను కూడా. అది జరిగింది ఒక ఇంట్లో అని, ఆ ఇంట్లో వంటిల్లు ఉంటుందని, ఆ వంటింట్లో ముదిగుబ్బ మనిషి ఉండొచ్చని నా బుర్రకు తట్టనే లేదు.

అక్కడ యజమానిని బాబా అనాలట. ఆమె చెప్పసాగింది. "గేట్లు మూసేసినారక్కా. ఎవురూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. మా ఫోన్లు గూడ తీసి పెట్టుకున్నారు. మొదుటి దినం వాళ్ళు ఒగరి మొగం ఒగరు జూసుకోల్యా. ఈ గుంపుకొక తట్ట, ఆ గుంపుకొక తట్ట పెట్టినా. బాబా నన్ను పిలిచి, రేపటి నుంచి అంతా ఒకే తట్టలో పెట్టు అన్నాడు. ఆడ అన్నం మీద గొర్రె కూర పెట్టి, సుట్టూ కూర్చోని తింటారు గదా. ఒగాయన ముట్టకుండా లేసిపోయినాడు. బాబా గూడ తినల్యా. ఆ తట్ట ముందర అట్లే కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడక్కా. ఆఖరికి ఆయప్పే వచ్చి చెయ్యి పెట్టినాడు. సల్లారిపోయిన అన్నం. ఎనిమిది దినాలు అదే మాదిరి. ఆ తట్టలన్నీ నేనే తోమినా."

ఏ పుస్తకంలో దొరుకుతుంది ఈ ముక్క? గబగబా రాసుకున్నాను. రాసుకుంటూ, సాక్షిని అడిగినట్టు, "నిన్ను బాగా చూసుకున్నాడా?" అన్నాను.

"కొట్టల్యా, తిట్టల్యా. పాస్‌పోర్టు మాత్రం ఆరేండ్లూ ఆయన అల్మారాలోనే."

నా పెన్ను ఆగింది. మా అమ్మ తలెత్తకుండా, "అంతా చెప్పు. విచారణంటే అంతా చెప్పాల" అంది.

"ఆ అతిథులొచ్చే ముందు దినం మా తమ్ముడు ఫోన్ చేసినాడు, అమ్మకు శానా కష్టంగా ఉండాదని. పాస్‌పోర్టు ఇయ్యి బాబా, సూసొస్తానంటి. ఈ ఎనిమిది దినాలు గడవనీ, ఇంటి మనిషి ఎవురూ కదలకూడదు అన్నాడు. వాళ్ళు సంతకాలు పెట్టి పోయినాక ఫోను చేతికిచ్చినారు. చేస్తే, అమ్మను పూడ్చిపెట్టి ఐదు దినాలైండాది."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. నాకు మాత్రం నెత్తురు సలసలా కాగింది. శాంతి ప్రదాతట! పరాయి దేశాల వాళ్ళకు ఒకే కంచం, ఇంట్లో చాకిరీ చేసే ఆడమనిషికి తాళం వేసిన అల్మారానా? మనిషి స్వేచ్ఛగా తిరిగే హక్కు గురించి నేను ఏటా పాఠం చెప్తాను. ఆమె ముందే ఆ పేరు మీద రెండు గీతలు బరబరా గీశాను. "కొట్టేశాను పో. ఇలాంటి వాడికి బహుమతి ఏమిటి?" అన్నాను. ఆమె పక్షాన పెద్ద న్యాయం చేసినట్టు ఛాతీ ఉబ్బింది నాకు.

ఆమె గీతలవైపు చూసింది. "సరేలే అక్కా" అని, ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచిపోయింది.

పై ఆదివారం ముదిగుబ్బలో దిగి బండి దగ్గరికి పోతే, ఉగ్గాని పొట్లం కట్టి ఇచ్చింది గానీ మాట్లాడలేదు. అక్కా అనలేదు. నాకు అర్థం కాలేదు. ఇంటికి పోయి అమ్మతో, "నేను దాని వైపు మాట్లాడితే నా మీద అలుగుతుందేమే?" అన్నాను.

అమ్మకు ఒళ్ళు మండింది. "నువ్వు లాయర్లకు పాఠాలు చెప్తావా? మీ కాలేజీ వానర మూకను బాగుచేసేది నువ్వేనా? విచారణ సగంలో లేసొస్తారా ఎవురన్నా? కడపటి మాట అడిగినావా దాన్ని?"

"ఏం కడపటి మాట?"

"నీ బిడ్డనైతే ఆ ఇంటికిస్తావా అని. మంచి జెప్తారు, చెడు జెప్తారు, ఎన్నో జెప్తారు. ఆ మాట అడిగినాకే మనం లేసేది. నువ్వు చెడు ఇనంగానే గీత కొడితివి. అది ఏమనుకుంటాండాదో అడిగితివా?"

సిగ్గేసింది. సాక్షి చెప్పేది పూర్తి కాకుండా తీర్పు రాసే జడ్జిల మీద నేను వ్యాసాలు రాశాను. అప్పటికప్పుడు ఆటో ఎక్కి బస్టాండుకు వచ్చాను. ఆమె గిన్నెలు కడుగుతోంది. పక్కన గొంతుక్కూర్చుని అడిగేశాను. "నీ బిడ్డ ఉంటే ఆ ఇంటికి పంపుతావా?"

"పంపను" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పనికి గూడ పంపను."

"మరి ఆయన పేరు కొట్టేస్తే నీకెందుకు బాధ?"

చేతిలో గిన్నె పెట్టేసింది. ఆమెకు కోపమొస్తే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. "నువ్వు కొట్టేసింది ఆయన్ను మాత్రమేనా అక్కా? ఆ ఎనిమిది దినాలు నేను ఆడ ఉన్నా గదా. ఆ సంతకాలు ఉత్త కాగితాలైతే, ఆయన ఉత్త మనిషైతే, మాయమ్మ నోట్లో నీళ్ళు పొయ్యకుండా నేనేంటికి ఉన్నట్ల? సొమ్మూ వద్దు, నా పేరూ వద్దు. అది పెద్ద పనే అని పెద్దోళ్ళెవురన్నా ఒక మాట అంటే సాలు. మాయమ్మకు అదన్నా చెప్పుకుంటా."

బస్సులొస్తున్నాయి, పోతున్నాయి, కదిరి బస్సు కండక్టరు గొంతు చించుకుంటున్నాడు. తల్లి ఆఖరి చూపు దక్కకుండా చేసిన చోటే ఆమె ఆ తల్లి చావుకు అర్థం వెతుక్కుంటోంది. ఇందులో నేను ఎవరి పక్షం? ఆయనకు బహుమతి ఇమ్మంటే ఆమెకు జరిగిన అన్యాయానికి దండ వేసినట్టు. వద్దంటే ఆమె పడిన నష్టాన్ని చెత్తలో వేసినట్టు. మింగలేను, కక్కలేను. ఇన్నేళ్ళ చదువు ఒక్క ముక్క కూడా అక్కరకు రాలేదు.

"రాస్తే పాస్‌పోర్టు సంగతి కూడా రాస్తాను. దాచి రాయలేను" అన్నాను చివరికి.

"దాచమని నేనన్నానా? ఉన్నదున్నట్ల రాయి. కూర్చున్నది గూడ రాయి, తట్ట ముందర."

నాలుగు సార్లు రాశాను. మొదటిసారి రాస్తే భజన పాటలా వచ్చింది. రెండోసారి ఫిర్యాదు అయింది. మూడోది చదివి మా ఆయన, "ఇంతకీ నామినేట్ చేస్తున్నావా, కేసు పెడుతున్నావా?" అన్నాడు. నాకూ తెలియదని చెప్పాను. నాలుగోదాంట్లో ఆయన చల్లారిన అన్నం ముందు పొద్దు వాలేదాకా కూర్చున్న సంగతి, అదే ఇంట్లో ఒకామె తల్లిని చూడడానికి పోలేకపోయిన సంగతి పక్కపక్కనే రాశాను. మధ్యలో 'కానీ' అని పెట్టాలా, 'మరియు' అని పెట్టాలా తెలియక రెండూ తీసేశాను. ఎనిమిది రోజులు వాళ్ళందరి కంచాలూ కడిగిన మనిషి ఈ పేరు ప్రతిపాదించమంది, నేను రాసేదాన్ని మాత్రమే అని ముగించాను. గడువుకు రెండు రోజుల ముందు పంపించాను.

ఎవరి పేరు పంపామో బయట చెప్పకూడదట. ముదిగుబ్బ బస్టాండులో మాత్రం అందరికీ తెలుసు. నామినేషన్ అంటే మా వాళ్ళకు ఎన్నికల నామినేషనే. "డిపాజిట్ ఎంత కట్టినావక్కా? ఎదురుగా ఎవురు నిలబడినారు? మన క్యాండిడేటుకు గుర్తేమిచ్చినారు?" అని ఆటోవాళ్ళు. ఒకాయన అయితే చివరిరోజున విత్‌డ్రా చేసుకోవద్దని, ఎవరు బెదిరించినా తాము ఉన్నామని ధైర్యం చెప్పాడు. పొరుగింటామె ముసిముసిగా నవ్వుతూ బజ్జీలు వేసేది. ఆ నాలుగు నెలలు ఆమె ముఖం చూస్తే తెలిసేది, కాస్త తేలికపడిందని. నాకు మాత్రం తేలిక లేదు. క్లాసులో ఆ ఒప్పందం పాఠం వచ్చినప్పుడు వరుసగా రెండేళ్ళు చెప్పినట్టు చెప్పలేక, పిల్లల్నే చదువుకోమన్నాను.

జూన్‌లో, వాన కోసం ఆకాశం చూస్తూ అందరూ విత్తనం సిద్ధం చేసుకుంటున్న రోజుల్లో, ఆ వార్త వచ్చింది. ఆ రెండు దేశాలూ మళ్ళీ మొదలుపెట్టాయి. మొదటి రోజే ఒక ఊళ్ళో బజారు మీద బాంబులు పడ్డాయి. నేను స్టాఫ్ రూములో చూశాను. నాకు ఆ దేశాలు కాదు, బస్టాండు పక్కన బండి గుర్తొచ్చింది. క్లాసు ఎగ్గొట్టి బస్సెక్కాను. దారి పొడవునా ఏం చెప్పాలా అని కూడబలుక్కుంటూనే ఉన్నాను.

ఆమెకు అప్పటికే తెలుసు. ఫోను బొరుగుల డబ్బాకు ఆనించి పెట్టి ఉంది, శబ్దం లేకుండా బొమ్మలు కదులుతున్నాయి. ఎవరో ఆడమనిషి రాళ్ళ మీద కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో అంటోంది. నన్ను చూసి ఆమె బండి కింద నుంచి ముక్కాలిపీట లాగింది.

"మళ్ళా మొదలాయ గదక్కా" అంది.

"అవును."

"నువ్వు పంపిన కాగితం ఇంగ పనికిరాదా?"

"రాదు" అన్నాను. నాకు అబద్ధమాడడం చేతకాదు, ఆడాలనిపించిన మొదటి సారి కూడా చేతకాలేదు. నా లేఖ, ఆమె ఎనిమిది రోజులు, చల్లారిన అన్నం, అన్నీ ఒకేసారి బూడిదలో పోసినట్టు అయింది. ఆమెకు ఈ ఊరట చూపించి మళ్ళీ లాక్కున్నది నేనే కదా అనిపించి ఏడుపొచ్చింది. ముదిగుబ్బ బస్టాండులో, అందరి ముందూ.

ఆమె ఏడవలేదు. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. "ఎన్ని దినాలు నిలిచిండాది?"

"రెండేళ్ళ పైన. రెండేళ్ళ నాలుగు నెలలు అనుకుంటా."

"రెండేండ్లు" అంది. ఫోనులో ఆ ఆడమనిషి వైపు చూసింది. తర్వాత నా పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ ఎనిమిది దినాలు హాల్లో వాళ్ళ కప్పులు ఎత్తుకోని పోయి కడుగుతానే, నేను మొక్కుకున్నానక్కా. నాకు వీసా అయిపోయేదానికి ఇంగా సంవత్సరం ఉన్నింది. మాయమ్మను ఆ సంవత్సరం బతకనీ సామీ, పోయి సూసుకుంటానని. అప్పటికే ఆమెను పూడ్చిపెట్టేసినారని నాకు తెల్దు."

కొంగుతో నా ముఖం తుడిచింది, నేను చిన్నపిల్లనైనట్టు.

"ఆ దేశాల్లో అమ్మలకు రెండేండ్లు దొరికినాయి. నేను అడిగింది ఒక్క సంవత్సరమే కదక్కా."